భుజం ఎముక విరిగితే – మా గ్రూపు నేర్చుకున్న పాఠం

(మండల మహిళా సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక గ్రూపు లీడరు చేసిన ప్రసంగం)



ప్రతి సంవత్సరం ఈ సభలో లీడర్లం పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, రికవరీ ఎంత అని చెప్తాము. మా గ్రూపు లెక్కలు నివేదికలో ఉన్నాయి, చూసుకోండి. నేను ఈ రోజు లెక్కలు చెప్పను. భుజం ఎముక గురించి చెప్తాను. ఇదేంది, ఈమె ఏమన్నా డాక్టరా అనుకోవద్దండి. నేను పదో తరగతి వరకే చదివినాను. కానీ పోయిన సంవత్సరం మా గ్రూపులో ఇద్దరికి భుజం దగ్గర ఎముక విరిగింది. ఒకరి విషయంలో నేను తప్పు చేసినాను. ఆ తప్పు మీ గ్రూపుల్లో జరగకూడదని చెప్తున్నాను.

నా చేతిలో ఉండేది మా గ్రూపు తీర్మానాల పుస్తకం. ఇందులో పెద్దక్క పేరు దగ్గర చూస్తే శ్రావణమాసం వరకు సంతకం ఉంది. ఆ తర్వాత 18 వారాలు వేలిముద్ర ఉంది. పెద్దక్క అంటే మా గ్రూపులో పెద్దామె, అందరమూ అట్లానే పిలుస్తాము. ఆమె బడికి పోలేదు. గ్రూపులో చేరినాక, రాత్రిపూట దీపం కింద కూర్చొని, పలక మీద దిద్ది దిద్ది సంతకం నేర్చుకునింది. బ్యాంకులో మేనేజరు సారు సిరా డబ్బా ముందుకు తోస్తే, "వద్దు సార్, పెన్నీయండి" అన్న మనిషి. ఆమె మళ్ళీ వేలిముద్రకు ఎందుకు వచ్చిందో, అది మొదట చెప్తాను.

శ్రావణమాసంలో టమోటా కోతకు పోయింది. డ్రిప్పు నీళ్ళకు గెనుం తడిసి ఉంది. క్రేటు నెత్తిన పెట్టుకొని వస్తా కాలు జారి కుడి పక్కకు పడింది. కుడి జబ్బ నేలకు తగిలింది. చెయ్యి ఎత్తలేకపోయింది. రెండు గంటల్లో జబ్బంతా ఉబ్బింది. మూడో రోజుకు మోచేతి దాకా, రొమ్ము పక్కన కూడా నల్లగా కమిలింది.

మన రాయలసీమలో ఎముక విరిగితే మొదట నోట్లో వచ్చే మాట కట్టు. పుత్తూరు కట్టు పేరు వినని ఇల్లు మన దగ్గర ఉండదు. ఈమె అంత దూరం పోలేదు, పక్క పల్లెలో కట్టే మనిషి దగ్గరికే పోయింది. ఎక్స్‌రే తీయలేదు. ఆయన చేత్తో తడిమి, ఆకు పసరు, కోడిగుడ్డు సొన పూసి, వెదురు బద్దలు పెట్టి, చెయ్యిని ఒంటికి ఆనించి గుడ్డతో గట్టిగా చుట్టినాడు. పదిహేను రోజులకు ఒకసారి కట్టు మార్చినాడు. రెండు నెలలు అట్లానే ఉంచినాడు.

ఆ రెండు నెలలు నేనేం చేసినానంటే, ప్రతి వారం మీటింగులో ఆమెను మెచ్చుకున్నాను. "చూడండి, పెద్దక్క ఎంత ఓర్పుగా ఉందో. వేలు కూడా కదపలేదు" అన్నాను. వేలు కూడా కదపలేదు అని నేను గొప్పగా చెప్పిన మాటే ఆమెకు కీడు చేసింది. అది అప్పుడు నాకు తెలీదు.

దసరా అయినాక కట్టు విప్పినారు. విప్పితే చెయ్యి పైకి లేవలేదు. ముందుకు ఒక జానెడు లేస్తుంది, అంతే. వేళ్ళు ముడిస్తే పిడికిలి పడదు. తల దువ్వుకోలేదు, కొప్పు పెట్టుకోలేదు, జాకెట్టు తొడుక్కోలేదు. కోడలు తొడిగితే కళ్ళనీళ్ళు పెట్టుకునింది. నూనె రాసి గట్టిగా రుద్దితే వస్తుందని ఎవరో చెప్తే, అదీ చేసినారు. నొప్పి ఎక్కువయ్యింది తప్ప చెయ్యి రాలేదు.

దీపావళి తర్వాత నేనే ఆమెను ఏరియా ఆసుపత్రికి పిలుచుకుపోయినాను. ఎముకల డాక్టరు ఎక్స్‌రే తీయించి చూసి చెప్పిన మాట ఇది. "అమ్మా, ఎముక అతికింది. బాగానే అతికింది. కానీ కీలు బిగుసుకుపోయింది." నాకు అర్థం కాలేదు. ఎముక అతికితే నయమైనట్టే కదా సార్ అన్నాను. అప్పుడు ఆయన ఒక కాగితం మీద బొమ్మ గీసి చెప్పినాడు. ఆ బొమ్మే మీకు మాటల్లో చెప్తాను. ఎవరి భుజం మీద వాళ్ళు చెయ్యి పెట్టుకోండి, తెలుస్తుంది.

భుజంలో మూడు ఎముకలు ఉంటాయి. మొదటిది గొంతు కింద నుంచి భుజం చివర దాకా అడ్డంగా చేతికి తగిలే ఎముక. కాలర్ బోను అంటారు. రెండోది వీపు పైన రెక్క మాదిరి పలచగా ఉండే ఎముక. రెక్క ఎముక అందాం. మూడోది దండచేతి ఎముక. దాని పైభాగం గుండుగా ఉంటుంది. ఆ గుండు, రెక్క ఎముక పక్కనుండే చిన్న గుంతలో ఆనుకొని ఉంటుంది. గుంత చిన్నది, గుండు పెద్దది. పళ్ళెంలో సంగటి ముద్ద పెట్టినట్టు ఉంటుంది. గుంత లోతు లేదు కాబట్టే మన చెయ్యి ముందుకు, వెనక్కు, పైకి, చుట్టూ తిరుగుతుంది. ఒంట్లో ఇంకే కీలూ ఇన్ని పక్కలకు తిరగదు.

ఆ గుండు జారిపోకుండా చుట్టూ ఒక సంచి మాదిరి పొర, కండరాలు పట్టుకొని ఉంటాయి. చెయ్యి కదులుతా ఉంటే ఆ సంచి మెత్తగా సాగుతుంది. నెలల తరబడి కదపకపోతే ముడుచుకుపోతుంది. వాడకుండా మూలన పడేసిన తోలు చెప్పు ఎండి బిగుసుకుపోతుంది చూడండి, అట్లా. పెద్దక్కకు జరిగింది అదే. ఎముక అతికింది, సంచి ఎండింది.

ఇప్పుడు ఏ ఎముక ఎట్లా విరుగుతుందో చెప్తాను.

కాలర్ బోను ఎక్కువగా పిల్లలకు, వయసులో ఉండేవాళ్ళకు విరుగుతుంది. మోటర్ సైకిలు మీద నుంచి, చెట్టు మీద నుంచి భుజం తగిలేటట్టు పడితే విరుగుతుంది. ఎక్కువ మందికి నడిమధ్యనే విరుగుతుంది. చర్మం కింద గడ్డ మాదిరి ఉబ్బి కనపడుతుంది. ఎక్కువ మందికి ఆపరేషను అక్కర్లేదు, జోలె వేస్తే అతుకుతుంది. ఆసుపత్రిలో స్లింగు అంటారే, అదే జోలె. పిల్లలకు 3 నుంచి 6 వారాలు, పెద్దవాళ్ళకు 6 నుంచి 12 వారాలు పడుతుంది. అతికిన చోట చిన్న బొడిపె మిగిలిపోవచ్చు. దానికి భయపడొద్దు.

దండచేతి ఎముక పైభాగం మాత్రం ఎక్కువగా మన ఆడవాళ్ళకు, అందులోనూ 50 దాటినవాళ్ళకు విరుగుతుంది. పెద్ద యాక్సిడెంటే కావాలని లేదు. నిలబడిన చోట నుంచి జారి పడితే చాలు. పెద్దక్కది ఇదే. ఇందులో కూడా ముక్కలు పెద్దగా పక్కకు జరగకపోతే జోలె, ఆ తర్వాత కసరత్తు సరిపోతాయి. గుండు ముక్కలు ముక్కలైతే, గుంతలో నుంచి జారిపోతే ఆపరేషను గురించి డాక్టరే చెప్పాలి.

రెక్క ఎముక అంత సులభంగా విరగదు. కండల మధ్యలో దాక్కొని ఉంటుంది. అది విరిగిందంటే దెబ్బ చాలా గట్టిగా తగిలినట్టు. లారీ గుద్దింది, మిద్దె మీద నుంచి పడినారు, అట్లాంటప్పుడు విరుగుతుంది. అందుకని రెక్క ఎముక విరిగినప్పుడు పక్కటెముకలు, ఊపిరితిత్తులు కూడా చూడాలి. ఆయాసం వస్తుంటే ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయొద్దు.

ఇంకొకటి ఉంది. ఎముక విరగకుండానే గుండు గుంతలో నుంచి జారిపోవచ్చు. దాన్ని కీలు తొలగడం అంటాము. విరిగిందా, తొలిగిందా అనేది బయట నుంచి చూస్తే మనకు తెలీదు. కొన్నిసార్లు రెండూ కలిసే ఉంటాయి. అందుకే ఎక్స్‌రే లేకుండా ఎవరినీ చెయ్యి పట్టి లాగనీయొద్దు. లోపల నరాలు, రక్తనాళాలు ఆ కీలుకు ఆనుకునే పోతుంటాయి. విరిగిన ముక్కను లాగితే అవి తెగొచ్చు.

మరి పడిన గంటలో మనం ఏం చేయాలి? ఇవి గుర్తు పెట్టుకోండి.

మొదట గాజులు, ఉంగరాలు తీసేయండి. నిదానంగా చెయ్యి ఉబ్బుతుంది, తర్వాత ఉంగరం రాదు, కోయాల్సి వస్తుంది. మన ఆడవాళ్ళం గాజులు తీయడానికి సంకోచపడతాము. మళ్ళీ వేసుకోవచ్చు. చెయ్యి ముఖ్యం.

తర్వాత చెయ్యి ఎట్లా ఉంటే నొప్పి తక్కువగా ఉందో అట్లానే ఒంటికి ఆనించి పెట్టుకోమనండి. తువ్వాలో, చున్నీనో మూడు మూలలుగా మడిచి మెడకు జోలె కట్టండి. చల్లటి నీళ్ళ గుడ్డ గానీ, గుడ్డలో చుట్టిన ఐసు గానీ పది, పదిహేను నిమిషాలు పెట్టొచ్చు. నూనె రుద్దొద్దు, కాపడం వద్దు, లాగొద్దు.

తర్వాత ఎక్స్‌రే ఉండే ఆసుపత్రికి పోవాలి. ఆపరేషను పడేటట్టుంటే డాక్టరు ఒకవేళ మత్తు ఇవ్వాల్సి వస్తుంది. కాబట్టి దారిలో టీలు, టిఫిన్లు పెట్టొద్దు. ఆధారు, రేషన్ కార్డు వెంట తీసుకుపోండి. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర ఉంటారు. ప్రభుత్వ పథకం వర్తిస్తుందా అని ఆమెను అడిగినాకనే డబ్బు కట్టే మాట.

కొన్ని గుర్తులు కనిపిస్తే మాత్రం రేపు పోదాము, ఎల్లుండి పోదాము అనొద్దు. 108కి ఫోను చేయండి. ఎముక చర్మం చీల్చుకొని బయటికి వచ్చింది. చర్మం పొడుచుకొని తెల్లబడింది. వేళ్ళు చల్లబడినాయి, నీలం అయినాయి. చెయ్యి తిమ్మిరెక్కి స్పర్శ లేదు. మణికట్టు పైకి ఎత్తలేకపోతుంది. ఊపిరి ఆడట్లేదు. ఇందులో ఏ ఒక్కటి ఉన్నా అది అర్జెంటు.

కమలడం గురించి ఒక మాట. భుజం విరిగినవాళ్ళకు నాలుగైదు రోజులకు మోచేతి దాకా, రొమ్ము దాకా నల్లగా, తర్వాత పచ్చగా అవుతుంది. లోపల కారిన రక్తం కిందికి దిగుతుంది, అంతే. చెడు రక్తం కాదు. దానికోసం కోయించడం, వాతలు పెట్టించడం చేయొద్దు.

కట్టు గురించి అడుగుతారు, తెలుసు. మా పెద్దక్కకు ఎముక అతికింది అని ముందే చెప్పినాను. లేనిది చెప్పను. భుజం ఎముక చాలామందికి దానంతట అదే అతుకుతుంది. కానీ ముక్కలు పక్కకు జరిగినాయా, కీలు తొలిగిందా అనేది తడిమి చూస్తే తెలీదు. గట్టి కట్టు కింద చెయ్యి ఉబ్బితే రక్తం ఆడక వేళ్ళు చచ్చుబడతాయి. కదపకుండా నెలలు పెడితే కీలు పోతుంది. అందుకని మా గ్రూపులో మాట ఒకటే పెట్టుకున్నాము. ముందు ఎక్స్‌రే, తర్వాతే ఏదైనా. ఎవరి దగ్గర కట్టు ఉన్నా సరే, వేళ్ళు చల్లబడితే, తిమ్మిరెక్కితే ఆ రాత్రికే కట్టు వదులు చేయించాలి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది. చెయ్యి జోలెలో ఉన్నప్పుడు ఏం చేయాలి. ఇది ఆసుపత్రిలో ఫిజియోథెరపీ మేడం మాకు నేర్పించింది.

జోలెలో ఉండేది భుజం. వేళ్ళు, మణికట్టు, మోచెయ్యి కాదు. మొదటి రోజు నుంచే వేళ్ళు ముడిచి తెరవాలి. గుడ్డ ఉండ ఒకటి చేతిలో పెట్టుకొని పిసకాలి. మణికట్టు తిప్పాలి. మోచెయ్యి రోజుకు నాలుగైదు సార్లు జోలెలో నుంచి తీసి చాపి ముడవాలి. అప్పుడు భుజం కదలదు, నష్టం లేదు. పెద్దక్క ఇది చేసి ఉంటే పిడికిలి పోయేది కాదు.

పడుకునేటప్పుడు పూర్తిగా వెల్లకిలా పడుకుంటే నొప్పి ఎక్కువ. వీపు కింద దిండ్లో, మడిచిన బొంతలో పెట్టుకొని సగం కూర్చున్నట్టు పడుకోవాలి. మోచేతి కింద ఒక చిన్న దిండు ఉండాలి. చంక కడగడానికి నడుము ముందుకు వంచితే చెయ్యి దానంతట అదే వేలాడుతుంది. అప్పుడు తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టాలి. లేకపోతే చెమటకు పాసి పుండు అవుతుంది. ముందు పక్క హుక్కులుండే వదులు జాకెట్టు గానీ, నైటీ గానీ మేలు. తొడిగేటప్పుడు దెబ్బ తగిలిన చెయ్యి మొదట, విప్పేటప్పుడు దెబ్బ తగిలిన చెయ్యి చివర.

ఒకటి, రెండు వారాలు అయినాక, డాక్టరు సరే అంటే, భుజం కదపడం మొదలు పెట్టాలి. మంచి చెయ్యి మంచం పట్టె మీద ఆనించి, నడుము వంచి, దెబ్బ తగిలిన చేతిని వదులుగా వేలాడేయాలి. బావిలో చేద తాడు ఊగినట్టు ముందుకూ వెనక్కూ, పక్కలకూ మెల్లగా ఊపాలి. తర్వాత గుండ్రంగా తిప్పాలి. పూటకు ఐదు నిమిషాలు, రోజుకు మూడు నాలుగు సార్లు. ఇంకొన్ని వారాలకు, వెల్లకిలా పడుకొని మంచి చేత్తో ఈ చెయ్యిని పట్టుకొని తల వైపు ఎత్తాలి. ఆరు వారాల దగ్గర మళ్ళీ ఎక్స్‌రే చూసినాక, గోడకు ఎదురుగా నిలబడి వేళ్ళతో చీమ పాకినట్టు పైకి పాకించాలి. ఎంత దూరం పోయిందో గోడ మీద బొగ్గుతో గీత పెట్టుకోవాలి. రేపు ఆ గీతకు పైన గీత రావాలి. బిందెలు, గడ్డిమోపులు, క్రేట్లు మాత్రం మూడు నెలలు దాటి డాక్టరు ఒప్పుకున్నాకనే. ఆపరేషను అయినవాళ్ళకు ఈ రోజులు మారొచ్చు. వాళ్ళు డాక్టరు చెప్పినట్టే చేయాలి.

కదిపితే నొప్పి ఉంటుంది. ఓర్చుకోగలిగిన నొప్పి అయితే చేయాలి. పొడిచినట్టుండి రాత్రంతా నిద్ర పట్టకపోతే తగ్గించి, డాక్టరును అడగాలి.

పెద్దక్క ఇవన్నీ ఆలస్యంగా మొదలు పెట్టింది. దీపావళి తర్వాత రోజూ చేసింది. వాళ్ళ ఇంటి గోడ మీద బొగ్గు గీతలు నిచ్చెన మాదిరి ఉన్నాయి. ఈ పుస్తకంలో 19వ వారం చూడండి. సంతకం ఉంది. వంకర టింకరగా, చీమ సిరాలో పడి నడిచినట్టు ఉంది. కానీ సంతకం. ఉగాదికి సొంతంగా తల దువ్వుకునింది. జాకెట్టు తొడుక్కోవడానికి ఇప్పటికీ కోడలు సాయం చేయాల్సిందే. నెత్తిన బిందె ఎత్తుకోలేదు. టమోటా కోతకు పోలేదు. ఆ కూలి పోయింది.

రెండోది మా గ్రూపులో చిన్న కోడలు, 26 ఏళ్ళు. సంక్రాంతి అయినాక మోటర్ సైకిలు వెనక కూర్చొని పోతుంటే చున్నీ చక్రంలో పడి లాగింది. కింద పడింది. కాలర్ బోను విరిగింది. ఆమెదీ కుడి పక్కే. ఈసారి గంటన్నరలో ఆసుపత్రిలో ఉన్నాము. ఎక్స్‌రే తీసినారు, ఆపరేషను అక్కర్లేదన్నారు, జోలె వేసి పంపినారు. వాళ్ళ ఇంట్లో రెండు పాడి ఆవులు. పదో రోజుకే వాళ్ళ అత్తమ్మ, "పాలు ఎవరు పితుకుతారు" అని అడిగింది. ఆమెదీ తప్పు కాదు, ఆమెకు మోకాళ్ళ నొప్పులు. మేము పదిమంది సభ్యులం వంతులు వేసుకున్నాము. పొద్దున ఒకరు, సాయంత్రం ఒకరు పోయి పాలు పితికి కేంద్రంలో పోసినాము. ఆరు వారాలు. ప్రతి మీటింగులో ఆమె చేత వేళ్ళ కసరత్తు చేయించినాము. ఆమెతో పాటు మేమందరమూ చేసినాము, నవ్వుకుంటా. ఈ పుస్తకంలో ఆమె పేరు దగ్గర ఒక్క వేలిముద్ర కూడా లేదు. జోలెలో చెయ్యి పెట్టుకునే సంతకం చేసింది.

ఆమెది చిన్న వయసు, వేరే ఎముక. పెద్దక్కతో సమానం చేసి చెప్పకూడదు. కానీ వేళ్ళు ఇద్దరికీ వేళ్ళే. ఒకరి వేళ్ళు కదిలినాయి, ఒకరి వేళ్ళను మేము కదలనీయలేదు.

పడకుండా, పడినా విరగకుండా ఏం చేయాలో కూడా చెప్పి ముగిస్తాను. ముట్టు ఆగినాక ఆడవాళ్ళకు ఎముకల్లో బలం తగ్గుతుంది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో గర్భసంచి ఆపరేషన్లు దేశంలోనే ఎక్కువ. ముప్పై ఏళ్ళకే చేయించుకున్నవాళ్ళు ఈ సభలోనే ఎంతమంది ఉన్నారో చేతులెత్తమంటే తెలుస్తుంది. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేసి ఉంటే ఎముకలు ఇంకా తొందరగా బలహీనపడతాయి. పెద్దక్కకు 32 ఏళ్ళకే ఆ ఆపరేషను అయ్యింది. ఏం తీసినారో ఆమెకు ఇప్పటికీ తెలీదు, కాగితాలు లేవు. అట్లా చేయించుకున్నవాళ్ళు ఎముకల బలం గురించి డాక్టరును అడగండి. నిలబడిన చోట పడి ఎముక విరిగిందంటే అది ఒక హెచ్చరిక. ఈసారి భుజం, ఇంకోసారి తుంటి కావొచ్చు. తుంటి విరిగితే మంచమే.

తిండి విషయంలో మన ఇంట్లోనే మందు ఉంది. రాగుల్లో 100 గ్రాములకు 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. బియ్యంలో అది చాలా తక్కువ. మనం నాగరికం అనుకొని సంగటి మానేసి తెల్లన్నం తింటున్నాము. సంగటి, మునగాకు, నువ్వులు, పాలు, పెరుగు. పాలన్నీ కేంద్రానికి పోసేయకుండా ఒక గ్లాసు మనం తాగాలి. కాసేపు ఎండ తగలాలి. షుగరు ఉండేవాళ్ళు అదుపులో పెట్టుకోవాలి. చుట్ట, బీడీ తాగేవాళ్ళకు విరిగిన ఎముక ఆలస్యంగా అతుకుతుంది. బండెక్కినప్పుడు కొంగు, చున్నీ నడుముకు చుట్టి దోపుకోవాలి.

మా గ్రూపు చేసిన తీర్మానం చదివి వినిపిస్తాను. ఒకటి, సభ్యురాలికి ఎముక విరిగితే ఆ రోజే ఒక సభ్యురాలు తోడు పోయి ఎక్స్‌రే తీయించాలి. దారి ఖర్చు, ఎక్స్‌రే ఖర్చు గ్రూపు పొదుపులో నుంచి వడ్డీ లేకుండా ఇవ్వాలి. రెండు, ఆరు వారాలు ఆమె ఇంటి పని, పాడి పని వంతుల ప్రకారం మనం చేయాలి. మూడు, గ్రూపు అప్పు కంతు మూడు నెలలు వాయిదా వేయాలి. బ్యాంకు కంతు మాత్రం ఆగకూడదు, ఆ కంతును గ్రూపు సర్దాలి. నాలుగు, ప్రతి మీటింగులో ఆమె వేళ్ళు, చెయ్యి ఎంత కదులుతుందో చూసి పుస్తకంలో రాయాలి. ఓర్పుగా ఉంది అని కాదు, ఎంత ఎత్తింది అని రాయాలి.

ఈ నాలుగింటిని గ్రామ సమాఖ్యలన్నీ తీర్మానం చేయాలని అధ్యక్షురాలు గారిని కోరుతున్నాను.

ఇంకాసేపట్లో తీర్మానాలకు చేతులెత్తమంటారు. మా పెద్దక్క మూడో వరుసలో కూర్చొని ఉంది. ఆమె కుడి చెయ్యే ఎత్తుతానంటుంది. అది చెవి దాకా వస్తుంది, అంతకు మించి రాదు. సగమే లేచిందని వదిలేయకుండా ఆమెను కూడా లెక్కలో వేసుకోండి.